రేట్ల రోజు బండి

మా సిహ్వా పారిశ్రామికవాడలో ఓనర్లకు రెండేసి కార్లుంటాయి. ఒకటి బ్యాంకుకు వెళ్ళేది, ఇంకోటి పెద్ద కంపెనీకి వెళ్ళేది. బ్యాంకుకు వెళ్ళేది నల్లగా, పొడుగ్గా, తలుపు మీద మన ముఖం కనపడేంత మెరుస్తూ ఉంటుంది. అప్పిచ్చేవాడికి ధైర్యం రావాలిగా. పెద్ద కంపెనీకి వెళ్ళేది మాత్రం వాళ్ళది కాదు. తమ కింద పనిచేసే ఎవడిదో పాత బండి, ఆ ఒక్క పూటకు అడిగి తీసుకున్నది.

ఎందుకంటే, బాయిలర్లు చేసే ఆ పెద్ద కంపెనీలో కొనుగోళ్ళ విభాగం రెండో అంతస్తులో ఉంది. దాని కిటికీలు సరిగ్గా బయటివాళ్ళు కార్లు ఆపుకునే చోటికే తెరుచుకుంటాయి. ఏటా చలి ముదిరే ముందు, మా చిన్న ఫ్యాక్టరీలు వాళ్ళకు పంపే విడిభాగాలకు రేట్లు మాట్లాడే రోజులు వస్తాయి. మాట్లాడటమంటే కోయడమే, ఇంకేం లేదు. మెరిసే కారు దిగిన ఓనరును పైనుంచి చూస్తే, 'వీడికి బాగానే మిగులుతోందే' అని ఇంకాస్త లోతుగా కోస్తారని మావాళ్ళ నమ్మకం. ఎవరు చూశారయ్యా అంటే ఎవరూ చెప్పలేరు. అయినా ఆ రోజుల్లో గేటు పక్కనున్న ఎముకల సూపు హోటలు వెనక పెరట్లోకి తొంగి చూడండి, వాడలోని పెద్ద కార్లన్నీ అక్కడే దాక్కుని ఉంటాయి. వాటి ఓనర్లు ఇరుకు బండ్లలో మోకాళ్ళు ముడుచుకుని, ముఖాలు దిగాలుగా పెట్టుకుని గేటు దాటుతుంటారు. చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఈ ఏడాది నుంచి రావటం లేదు.

ప్యో గితే ఇక్కడ, ఇనుప రేకులు నొక్కి బాయిలరు భాగాలు చేసే తాక్ వారి ప్రెస్సు ఫ్యాక్టరీలో అమ్మకాలు చూస్తాడు. నలభై దాటిన మనిషి, ఒక్క కూతురు, నెమ్మదస్తుడు. మంచివాడు. మంచివాడని ముందే చెబుతున్నాను, సగం కథ అయ్యాక చెబితే మీరు నమ్మరు. అతనికో చిన్న పసుపు కారుంది. ఎండకు రంగు వెలిసిపోయింది. ఎడమ తలుపు మీద సొట్ట, ఆ తలుపు ఒక పట్టాన పడదు, రెండుసార్లు వెయ్యాలి. వెనక సీట్లో కూతురి చిన్నప్పటి కుర్చీ ఇంకా బిగించే ఉంది. ఆ పిల్ల ఇప్పుడు బడికి తనే నడిచి వెళ్తోంది, అయినా కుర్చీ తీయడానికి ఇతనికి బద్ధకం.

రేట్ల రోజు వచ్చిందంటే వాళ్ళ ఓనరు తాక్ సంగ్‌మన్‌కు ఆ బండి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

"ఏమోయ్ ప్యో, బండి కడగలేదు కదా?"

"లేదండీ. మీరు వద్దన్నారుగా."

"శభాష్. ఆ అద్దం మీద పావురం రెట్ట కూడా అలాగే ఉండనీ. దేవుడే వేయించాడు దాన్ని."

తాక్ గారు ఆ రోజు కోసమే ఒక పాత జాకెట్టు దాచుకున్నాడు, మోచేతుల దగ్గర వెలిసి, ఫ్యాక్టరీ పేరు సగం ఊడిపోయినది. దాన్ని తొడుక్కుని, బంగారు గడియారం విప్పి డ్రాయర్లో పెట్టి, స్టీరింగు వెనక పొట్ట సర్దుకునేసరికి బండి ఒక పక్కకు ఒరిగింది. ప్యో పక్క సీట్లో కూర్చున్నాడు. డ్రైవర్ను పెట్టుకుని వచ్చాడని అనుకుంటారేమోనని ఓనరే నడపాలి, అదో నియమం.

"ఇందులో మనుషులు కూర్చుంటారటయ్యా?"

"మా ఇంట్లో ముగ్గురం కూర్చుంటామండీ."

"ఓర్నీ. సరే, ఒక మాట విను. ఈసారి కోత పడితే ఫ్యాక్టరీలో రెండో లైను మూసేస్తాను. లైనే లేకపోతే దాని సరుకు అమ్మే మనిషి నాకెందుకు, నువ్వే చెప్పు?"

నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవే చేసి చూపిస్తాడని మా వాడలో అందరికీ తెలుసు. ప్యో కూడా నవ్వి, సీటు బెల్టు పెట్టుకున్నాడు.

గేటు దాటి బండి ఆపుతుంటే పక్కన ఒక వెడల్పాటి వెండిరంగు కారు కనిపించింది. నిగనిగలాడుతోంది. చుట్టూ ఉన్న డొక్కు బండ్లన్నింటి మధ్యా అదొక్కటే పెళ్ళికొడుకులా నిలబడి ఉంది.

"ఎవరిదయ్యా అది, ఇంత తెలివితక్కువ పని చేసింది?" అన్నాడు తాక్.

"గుక్ అమ్మగారిదండీ."

గుక్ మల్సున్ గారు బాయిలర్లకు రబ్బరు వాషర్లు చేసే చిన్న ఫ్యాక్టరీ నడుపుతుంది. ప్యోకు మీసాలు రాకముందు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. ఆవిడ భర్త జు ఇల్‌బోక్ అక్కడ మేస్త్రీ. ప్యోకు యంత్రం నేర్పింది, తిండి పెట్టింది, డ్రైవింగు నేర్పింది ఆయనే. ఫ్యాక్టరీ ట్రక్కును ఎత్తు మీద ఆపి, "వెనక్కి జారకుండా ఎక్కించు, లేకపోతే అన్నం లేదు" అనేవాడు. ఎక్కినా ఎక్కకపోయినా అన్నం పెట్టేవాడు. ఆ తర్వాత ఒక రోజు లోడు జారి ఆయన మోకాలి మీద పడింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ కాలు ఇక మడత పడలేదు. అప్పుడు వాళ్ళింట్లో ఉన్నది ఇదే పసుపు కారు. ఆ కాలితో ఆయన ఇందులోకి ఎక్కలేడు. అందుకని సీటు బాగా వెనక్కి జరిగే, తలుపు బారుగా తెరుచుకునే ఆ వెండిరంగు పాత కారును ఎక్కడో వెతికి కొనుక్కున్నారు. పసుపు బండిని ప్యోకు పాప పుట్టిన కానుకగా ఇచ్చేశారు. ఆవిడ ఆ పాత కారును అంత శుభ్రంగా ఉంచుకుంటుంది గనకే అది కొత్తదిలా కనిపిస్తుంది. రేట్ల రోజే ఆయనకు ఆసుపత్రి రోజు కూడా. ఆయన్ను అక్కడ దింపి, అదే కారులో ఇటు వచ్చింది.

ఇవన్నీ ప్యోకు తెలుసు. అతనికి తెలియని సంగతి అందులో ఒక్కటీ లేదు.

మీటింగు అయ్యాక తాక్ గారు బాత్రూముకు వెళ్ళాడు. ప్యో కిందికి దిగి, కాఫీ మిషను పక్కన నిలబడ్డాడు. అంతలో యోమ్ గారు సిగరెట్టు పట్టుకుని దిగి వచ్చాడు. కొనుగోళ్ళ విభాగంలో మా అందరి రేట్లూ చూసేది ఈయనే. ముప్పై నిండీ నిండని కుర్రాడు, అయినా తండ్రి వయసు ఓనర్లు కూడా ఆయన ముందు నడుం వంచుతారు. పాపం ఆయనేం పొగరుబోతు కాదు, వాళ్ళు వంగితే ఆయన ఇంకాస్త వంగుతాడు.

"ప్యో గారూ, ఒక్క మాట. మీరు గుక్ గారి దగ్గర పనిచేశారటగా?"

"అవునండీ. చాలా ఏళ్ళ కిందట."

"ఈసారి పైవాళ్ళు గట్టిగా ఉన్నారు. కోత నుంచి ఒక్కరిని మాత్రం వదిలేయమన్నారు. అన్నీ చూశాక మీ ఫ్యాక్టరీ, ఆవిడ ఫ్యాక్టరీ మిగిలాయి." పొగ పక్కకు వదిలి నెమ్మదిగా అడిగాడు. "ఆవిడకు ఎలా ఉంది? తట్టుకోగలదా?"

మనసులో సమాధానం తయారుగానే ఉంది. తట్టుకోలేదండీ, భర్త కాలు అలా ఉంది, పనివాళ్ళను తీసేయడం ఇష్టంలేక తనే యంత్రం దగ్గర నిలబడుతోంది, అని. నోటిదాకా వచ్చింది. కానీ వెంటనే రెండో లైను గుర్తుకొచ్చింది. తాక్ గారి నవ్వు గుర్తుకొచ్చింది. అతని చూపు ఆ వెండిరంగు కారు మీదికి వెళ్ళింది.

"బండి చూస్తే తెలియట్లేదా అండీ?" అన్నాడు. అని చిన్నగా నవ్వాడు కూడా.

యోమ్ గారు ఆ కారు వంక చూసి తలూపాడు. సిగరెట్టు ఆర్పి పైకి వెళ్ళిపోయాడు.

అంతే జరిగింది. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదని ప్యో తనకు తను చెప్పుకున్నాడు. నేనేమన్నాను, చూడమన్నాను, అంతేగా. ఉన్న కారునే చూపించాను. ఇలా చెప్పుకుంటూనే కాఫీ సగం కప్పులోనే వదిలేశాడు.

వారం తిరగకుండా కబురొచ్చింది. తాక్ వారికి కోత లేదు. గుక్ గారికి పూర్తి కోత.

తాక్ గారి ఆనందానికి హద్దు లేదు. మధ్యాహ్నం పూట పనివాళ్ళందరినీ ఆవరణలోకి పిలిచి, ఉడికించిన పంది తల, ఎండు చేప, పళ్ళూ తెప్పించి, ఆ పసుపు బండికి మొక్కు చెల్లించాడు. కొత్త కారు కొన్నప్పుడు చేసే మొక్కును డొక్కు బండికి చేసినవాడు మా వాడలో ఆయనొక్కడే. బియ్యపు కల్లు గిన్నెతో నాలుగు చక్రాల మీదా పోసి, బానెట్ ముందు పొట్ట నేలకు ఆనేంత వంగి దండం పెట్టాడు.

"అమ్మా పసుపు తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి! ప్యో, నువ్వూ మొక్కవయ్యా! ఇది నీకు అన్నం పెట్టే కుండ!"

అందరూ పగలబడి నవ్వారు. ప్యో వంగాడు. వంగినప్పుడు బంపరు కింద ఒక పాత గీత కనపడింది. తను మొదటిసారి ఈ బండి నడుపుతూ ముందుకు పోనిచ్చి మేస్త్రీగారి గోడకు రాసిన గీత అది. అప్పుడు జు మేస్త్రీ తిట్టలేదు, "నీకు చెప్పి లాభం లేదు, పక్కకు జరగమని ఇక గోడకే చెప్పాలి" అని నవ్వాడు. ప్యో వెంటనే లేవలేదు. నుదురు ఇనుముకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఎంత భక్తో చూడండ్రా అన్నారు జనం.

గిన్నెలో మిగిలిన కల్లును తాక్ గారు ఉత్సాహంగా కారు లోపల కూడా చిలకరించాడు. ఆ పులిసిన వాసన ఎంత తుడిచినా పోలేదు. కూతురు ముక్కు మూసుకుని, "నాన్నా, బండి తాగిందా?" అని అడిగింది. భార్య సబ్బు నీళ్ళతో సీట్లు రుద్దింది. ప్యోకు మాత్రం పొద్దున్నే తలుపు తీయగానే అదే వాసన. గుక్ గారి ఫ్యాక్టరీ ముందు నుంచి వెళ్తే దగ్గరి దారి, కానీ ఆ వీధి మానేసి పెద్ద చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక కాదు, ఆవిడ మామూలుగా మాట్లాడుతుందని భయం.

మామూలుగానే మాట్లాడింది. ఒక మధ్యాహ్నం సూపు హోటల్లో ప్యో ఒక్కడే కూర్చుని అన్నం సూపులో కలుపుకుంటుంటే ఎదురు కుర్చీ లాగి కూర్చుంది. చేతులకు రబ్బరు మసి అలాగే ఉంది.

"ఏం అబ్బాయ్, ముఖం చాటేస్తున్నావు? మా పాత బండి మీ ఓనరుకు బాగా సంపాదించి పెడుతోందటగా, మొక్కులు కూడా చెల్లించారట!"

ప్యో చెంచా గిన్నెలో పెట్టేశాడు. "అమ్మగారూ..."

"నాకప్పుడే తెలుసులే. ఆ రోజు తాక్ గారు అందులోంచి దిగుతుంటే కిటికీలోంచి చూశాను. నవ్వాపుకోలేక చచ్చాను. ఇంత మనిషి అంత బండిలోంచి ఒక్కో కాలూ బయటికి తీస్తుంటే!" ఆవిడ నిజంగానే నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, ముల్లంగి పచ్చడి గిన్నె తన వైపు లాక్కుంది. "తప్పు నాదే. అందరూ చెబుతూనే ఉన్నారు, ఆ కారులో వెళ్ళకు వెళ్ళకు అని. నేను వింటేగా. మన లెక్కలు సరిగ్గా ఉంటే చాలు, బండి ఎవరు చూస్తారు అనుకున్నాను. చూశారు."

"అది కాదండీ..."

"ఏది కాదు? ఇద్దరు ఆడవాళ్ళను పని మాన్పించి ఇంటికి పంపాను. ఒకామె నాతో పాటు మొదటి నుంచీ ఉంది. ఇంకో ఏడాది ఇలాగే కోస్తే తలుపులు మూసుకోవాల్సిందే. అందుకని ఆ కారు అమ్మేస్తున్నాను. శనివారం మనిషి వచ్చి తీసుకెళ్తాడు." చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంది. "నీ దగ్గరికి అందుకే వచ్చాను. మా పసుపు బండిని మళ్ళీ మాకే ఇస్తావా? ఊరికే కాదులే, ధర కట్టి తీసుకుంటాను. వచ్చే ఏడాది నేను కూడా అందులోంచే దిగుతాను. చూద్దాం అప్పుడు ఎవరికి కోత పడుతుందో."

"మరి మేస్త్రీగారు? ఆయన కాలు?"

"ఆయనే అమ్మేయమన్నాడు. వెనక సీట్లో అడ్డంగా పడుకుని వస్తాడట. బస్తాలా వేసుకుపో అంటున్నాడు."

ప్యో ఏదో అన్నాడు, ఆలోచిస్తానండీ అనో, సరేనండీ అనో. ఆవిడ తన సూపులోంచి పెద్ద మాంసం ముక్క తీసి అతని గిన్నెలో వేసింది, పాత రోజుల్లోలాగే. "చిక్కిపోయావు, తిను" అంది. ఆ ముక్క అతను తినలేకపోయాడు. ఆవిడ వెళ్ళేదాకా చెంచాతో అటూ ఇటూ నెడుతూ కూర్చున్నాడు.

మర్నాడు యోమ్ గారి దగ్గరికి వెళ్ళాడు. తన మనసులో అనుకున్నది ఇది. నిజం యోమ్ గారికి చెప్పేస్తే ఆయన కోత వెనక్కి తీసుకుంటాడు, ఆవిడ కారు ఆవిడకు ఉంటుంది, తను అన్న మాట మాత్రం ఆవిడ చెవిన పడదు. దొంగకు కూడా ఆశ ఉంటుంది కదా, ఎత్తుకెళ్ళింది చప్పుడు కాకుండా మళ్ళీ అక్కడే పెట్టేసి రావచ్చని.

యోమ్ గారు కిటికీ పక్కన కుర్చీ చూపించి, కాఫీ ఇచ్చాడు. ప్యో కూర్చోలేదు.

"అయ్యా, ఆ రోజు మా ఓనరుగారు వచ్చిన పసుపు బండి ఆయనది కాదండీ. నాది."

"తెలుసు."

"తెలుసా?"

"వెనక సీట్లో చంటిపిల్లల కుర్చీ ఉంది. మీ ఓనరుగారి చిన్నబ్బాయి పెళ్ళికి నేనే వెళ్ళొచ్చాను. ఇంకా, అంత ఎండకు నల్లబడ్డ చేతి మీద గడియారం పెట్టుకునే చోటు ఒక్కటే తెల్లగా ఉంది." యోమ్ గారు సిగ్గుపడుతూ నవ్వాడు. "ఏమనుకోకండి, మేమంతా ఈ కిటికీ దగ్గర నిలబడి పందేలు కాస్తాం, ఎవరు ఎవరి బండిలో వచ్చారో అని. ఏటా ఉండే వినోదం ఇది."

"అయితే... కార్లు చూసి రేట్లు..."

"కారు చూసి రేటు కోస్తే నా ఉద్యోగం ఉంటుందా ప్యో గారూ? కరెంటు ఖర్చు చూస్తాం, ముడిసరుకు ధర చూస్తాం, వెనక్కి వచ్చిన ముక్కలు ఎన్నో చూస్తాం. అన్నీ చూశాక మీరూ ఆవిడా సమానంగా నిలబడ్డారు. ఆవిడ ఇంటి సంగతులు ఎప్పుడూ ఎత్తదు. అడిగితే 'బాగానే ఉంది' అంటుంది. అందుకే ఆవిణ్ణి ఎరిగిన మనిషిని అడుగుదామని కిందికి దిగాను."

"నేను బండి చూపించానండీ."

"అవును." యోమ్ గారి ముఖంలో నవ్వు పోయింది. "బండి నాకు ఇక్కడ్నుంచి కనపడుతూనే ఉంది. దానికోసం మెట్లు దిగక్కర్లేదు. నేను వచ్చింది మీ మాట కోసం. ఆవిడ దగ్గర అన్నం తిన్న మనిషే బాగుందంటున్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. పైకి వెళ్ళి అదే చెప్పాను."

ప్యో అప్పుడు అంతా చెప్పాడు. కాలు, ఆసుపత్రి, వెడల్పు తలుపు, ఇంటికి పంపిన ఆడవాళ్ళు, శనివారం రాబోయే మనిషి. యోమ్ గారు వింటూ వింటూ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"ఇవి ఆ రోజు చెప్పాల్సింది," అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. "పైన సంతకాలైపోయాయి. వచ్చే ఏడాదిదాకా నా చేతిలో ఏమీ లేదు. ఆవిడకు నా ముఖం ఎలా చూపించను నేను?"

ప్యో మెట్లు దిగాడు. ఇన్నాళ్ళూ లోపల ఒక మూల ఒక ఓదార్పు ఉండేది. ఎలాగూ ఆ కారు చూసే కోసేవాళ్ళు, నేను అన్నా అనకపోయినా ఒకటే, అని. ఆ మూల ఇప్పుడు ఖాళీ అయిపోయింది. కారు ఏ పాపమూ ఎరగదు. వాడలో అందరూ ఇన్నేళ్ళుగా భయపడ్డ కిటికీ కూడా ఏ పాపమూ ఎరగదు. మిగిలింది అతను, అతని నోరు.

శుక్రవారం మధ్యాహ్నం పసుపు బండి వేసుకుని గుక్ గారి ఫ్యాక్టరీకి వెళ్ళాడు. దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిప్పేద్దామనుకున్నాడో అతనికే తెలియాలి. ఆవరణలో వెండిరంగు కారు కడిగి పెట్టి ఉంది. అద్దాల మీద నీటిచుక్కలు ఇంకా ఆరలేదు. కొనేవాడికి అప్పగించేముందు ఆవిడ చివరిసారి కడిగింది.

"తెచ్చావా! ఏమండీ, మన పాతది వచ్చింది, రండి!" అని, అతని చేతిలోని తాళాలు అందుకుంటూ లోపలికి కేకేసింది.

జు మేస్త్రీ కర్ర పట్టుకుని, కాలు పక్కకు విసురుతూ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి, బంపరు కింద గీతను కర్రతో తట్టి, "గోడా, బాగున్నావా?" అన్నాడు. నవ్వాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఏరా ప్యో, దీనికి తాగుడు నేర్పావా?" అన్నాడు.

"ఎక్కి చూడండి ముందు," అంది ఆవిడ.

ముందు సీటు వెనక్కి ఎంత జరిపినా చాలలేదు. చిన్నపిల్లల కుర్చీ విప్పేసి వెనక కూర్చోబెట్టారు. ఆయన వీపు ఇటు తలుపుకు ఆనించి కూర్చుంటే, బిగుసుకున్న కాలు అటు తలుపులోంచి బయటికి వచ్చేసింది. తలుపు పడదు. ఆవిడ ఇటు నుంచి ఆయన భుజాలు లాగింది. ప్యో అటు నేల మీద మోకరిల్లి, మడమ పట్టుకుని లోపలికి నెట్టాడు. ఆయన పళ్ళు బిగపట్టాడు. నొప్పని అనలేదు. "ఫరవాలేదు, ఇంకొంచెం నెట్టు. అలవాటైపోతుంది," అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

ప్యో ఆగిపోయాడు. మడమ అతని రెండు చేతుల్లోనే ఉంది.

"కారు అమ్మకండి," అన్నాడు.

"అదేంట్రా?"

"కారు వల్ల కాదు. యోమ్ గారు కారు చూడలేదు. నన్ను అడిగాడు. ఇద్దరిలో ఒకరిని వదలాలి, గుక్ గారికి ఎలా ఉంది, తట్టుకోగలదా అని నన్నే అడిగాడు. నేను..." మడమ వంకే చూస్తూ మళ్ళీ అన్నాడు. "బండి చూస్తే తెలియట్లేదా అన్నాను. అన్నీ తెలిసి అన్నాను. మా లైను మూసేస్తారని భయమేసి అన్నాను. అందుకే మీకు కోత పడింది. నా వల్లే పడింది అమ్మగారూ."

యంత్రాల చప్పుడు లోపల్నుంచి వస్తూనే ఉంది. జు మేస్త్రీ కళ్ళు మూసుకుని సీటుకు తల ఆనించాడు. ఆవిడ చేతులు ఆయన భుజాల మీద అలాగే ఉన్నాయి.

"ముందు ఆ కాలు దించు. నెమ్మదిగా," అంది ఆవిడ.

దించాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను బయటికి తీసి నిలబెట్టారు. ఆయన కర్ర అందుకుని, ప్యో వంక చూడకుండా, కాలు పక్కకు విసురుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఏ హాస్యమూ ఆడకుండా వెళ్ళడం ప్యో చూశాడు. ఆవిడ జేబులోంచి ఫోను తీసింది.

"నేనే బాబూ, రబ్బరు ఫ్యాక్టరీ నుంచి. రేపు రావద్దు. కారు అమ్మటం లేదు. ఆఁ, మనసు మారింది."

ఫోను జేబులో పెట్టుకుంది. కింద పడి ఉన్న చిన్న కుర్చీని తీసి, దుమ్ము దులిపి, వెనక సీట్లో తనే మళ్ళీ బిగించింది. దాని పట్టీలు ఎక్కడ తగిలించాలో ఆవిడకు తెలుసు. కొనిచ్చింది ఆవిడే.

"నన్ను తిట్టండమ్మగారూ," అన్నాడు ప్యో. అతనికి ఏడుపు ఆగలేదు. "నాలుగు దెబ్బలు కొట్టండి."

ఆవిడ అతని వంక చూసింది. కోపం ఉంటే అతనికి బాగుండేది. లేదు.

"నేను కారు అనుకున్నానయ్యా," అంది. "కారే అయితే బాగుండేది. అమ్మేసేదాన్ని."

పసుపు బండి తాళాలు తిరిగి అతని చేతిలో పెట్టి, లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

"వెళ్ళు. ఎడమ తలుపు గట్టిగా వెయ్యి, మొదటిసారి పడదు."